సంఘ నాయకత్వాన్ని తర్వాతివారికి అప్పగించడం ఎలా?

ఒక సంఘాన్ని స్థాపించి ఏళ్ల తరబడి కాసిన కాపరి ఆ బాధ్యతను మరొకరి చేతుల్లో పెట్టవలసిన రోజు తప్పక వస్తుంది. వయసు మీదపడటం వల్ల రావచ్చు, అనారోగ్యం వల్ల రావచ్చు, వేరొక ప్రాంతంలో పరిచర్యకు పిలుపు అందినందువల్ల రావచ్చు, ఏ హెచ్చరికా లేకుండా మరణం రూపంలోనూ రావచ్చు. ప్రసంగం సిద్ధపరచుకోవడానికి, బాప్తిస్మం ఇవ్వడానికి, దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని ఓదార్చడానికి మనకు కొంత శిక్షణ దొరుకుతుంది గాని, పదవిని సమాధానంతో అప్పగించడానికి దొరికే శిక్షణ చాలా తక్కువ. అందుకే ఎంతో ప్రార్థనతో కట్టిన సంఘాలు నాయకుడు మారిన కొద్దికాలానికే చీలిపోవడం, కోర్టుల పాలవడం, లేదా ఎవరికీ తెలియకుండానే క్షీణించిపోవడం జరుగుతోంది.

ఈ మార్గదర్శిని ప్రధానంగా స్వతంత్ర సంఘాల కాపరులను, కొత్త ప్రాంతాల్లో సంఘాలు నాటే మిషనరీలను, వారితో కలిసి బాధ్యత వహించే పెద్దలను ఉద్దేశించినది. బిషప్పు గాని సినడ్ (సంఘ పాలక సభ) గాని నియామకాలు చేసే సంఘాల్లో బదిలీకి నిబంధనలు ఉంటాయి. అయినా ఇక్కడ చెప్పే విషయాల్లో చాలావరకు అక్కడా పనికివస్తాయి. మొదటి నుంచి చివరి వరకు నేను పట్టుబట్టే విషయం ఒక్కటే. పనిని అప్పగించి అధికారాన్ని మన దగ్గరే అట్టిపెట్టుకుంటే జరిగింది అప్పగింత కాదు, పనిభారం పంచుకోవడం మాత్రమే. నిర్ణయించే హక్కు, ఖర్చుపెట్టే హక్కు, పొరపాటు చేసి దానిని దిద్దుకునే హక్కు కూడా చేతులు మారినప్పుడే నాయకత్వం చేతులు మారినట్టు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

బలం ఉడిగిన తరువాత మొదలుపెట్టిన అప్పగింతలో శిక్షణకు సమయం ఉండదు. కొత్త నాయకుని పక్కన నిలబడి, అతడు తడబడినప్పుడు నెమ్మదిగా సరిదిద్దే శక్తి పాత నాయకునికి ఇంకా ఉండగానే ఇది జరగాలి. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, సంఘం నాటిన రోజే దీని గురించి ఆలోచించాలి. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో పౌలు, బర్నబా దెర్బేలో సువార్త ప్రకటించిన తరువాత, కొద్దికాలం ముందే పౌలును రాళ్లతో కొట్టిన లుస్త్రకు, అక్కడి నుంచి ఈకొనియకు, పిసిదియలోని అంతియొకయకు తిరిగి వెళ్లి, ప్రతి సంఘంలోనూ పెద్దలను ఏర్పరచి, ఉపవాసముండి ప్రార్థించి, వారిని ప్రభువుకు అప్పగించారు. ఆ సంఘాలు పుట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఉత్తర చైనాలో సేవ చేసిన ఆంగ్లికన్ మిషనరీ రోలండ్ అలెన్ (1868–1947) ఈ విషయాన్నే జీవితాంతం గట్టిగా చెప్పారు. పదేళ్లకు కొద్దిగా మించిన కాలంలో పౌలు గలతియ, మాసిదోనియ, అకయ, ఆసియ అనే నాలుగు రోమా రాష్ట్రాల్లో సంఘాలను స్థిరపరచి ముందుకు సాగిపోగా, తన కాలపు మిషన్లు తరాలు గడిచినా స్థానిక విశ్వాసులను ఇంకా ఎదగనివారిగానే చూస్తున్నాయని ఆయన బాధ.

దీనికి ఎదురుగా మరొక ఆజ్ఞ ఉంది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవానిని అధ్యక్షునిగా పెట్టవద్దని, ఎవరిమీదనైనా త్వరపడి చేతులుంచవద్దని పౌలు తిమోతికి వ్రాశాడు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదని నేను భావిస్తాను. పౌలు ఏ సంఘాన్నీ ఒక్క మనిషి చేతిలో పెట్టలేదు, అనేకమంది పెద్దలను కలిపి నిలబెట్టాడు. వెళ్లిన తరువాత కూడా మళ్లీ దర్శించాడు, ఉత్తరాలు వ్రాశాడు, తిమోతి, తీతు వంటివారిని పంపాడు. బాధ్యతను త్వరగా ఇచ్చాడు గాని, ఇచ్చినవారిని ఒంటరిగా వదిలిపెట్టలేదు. ఆలస్యంగా ఇవ్వడం, ఇచ్చి వదిలేయడం అనే రెండు తప్పుల్లో మన కాలంలో మొదటిదే ఎక్కువ.

మిషనరీ అకస్మాత్తుగా వెళ్లిపోవలసి వస్తే ఏమవుతుందో మడగాస్కర్ చరిత్ర చూపిస్తుంది. అక్కడ లండన్ మిషనరీ సొసైటీ పని 1818లో మొదలైంది. 1835లో రాణి మొదటి రనవలోనా క్రైస్తవ విశ్వాసాన్ని నిషేధించింది. అదే సంవత్సరం మలగాసీ భాషలో సంపూర్ణ బైబిలు ముద్రణ పూర్తయింది. మరుసటి ఏడు చివరి మిషనరీలు ద్వీపం విడిచిపెట్టారు. ఆపైన పాతికేళ్లు విశ్వాసులు చెరసాలలు, బానిసత్వం, మరణశిక్షలు అనుభవించారు. 1861లో రాణి మరణించిన తరువాత మిషనరీలు తిరిగి వచ్చేసరికి విశ్వాసుల సంఖ్య తగ్గకపోగా ఎంతో పెరిగి ఉంది. వారి దగ్గర భవనాలు లేవు, జీతాలిచ్చే సంస్థ లేదు. తమ భాషలో వాక్యం ఉంది, దానిని చదివి ఇతరులకు బోధించగలిగినవారు ఉన్నారు. ఆ రెండూ మిషనరీలు ఉన్న రోజుల్లోనే సిద్ధమయ్యాయి.

మీ సంఘం ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలంటే ఈ పరీక్ష చేయండి. వచ్చే ఆదివారం నుంచి మీరు లేరనుకొని, వాక్యం ఎవరు బోధిస్తారో, బ్యాంకు ఖాతాపై ఎవరు సంతకం చేస్తారో, స్థలం కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసో, రెండు కుటుంబాల మధ్య తగాదా వస్తే వారు ఎవరి గడప తొక్కుతారో ఒక కాగితం మీద వ్రాయండి. అన్నిటికీ మీ పేరే జవాబైతే అప్పగింత ఈ నెలలోనే మొదలుకావాలి. ఆ తరువాత ఒక నెల నిజంగానే దూరంగా ఉండండి. ఫోనులో కూడా సలహాలు ఇవ్వకండి. తిరిగి వచ్చాక, మీరు లేనప్పుడు పెద్దలు తీసుకున్న నిర్ణయాల్లో మీకు నచ్చనివి ఉన్నా, అవి పాపంతోనో అబద్ధ బోధతోనో కూడినవి కానంతవరకు వాటిని రద్దు చేయకండి. ఈ చివరి మాట పాటించకపోతే, మీరు లేనప్పుడు తీసుకునే ఏ నిర్ణయానికీ విలువ లేదని సంఘమంతటికీ బోధించినవారవుతారు.

ఎవరిని ఎంచుకోవాలి

1 తిమోతి 3వ అధ్యాయంలోను, తీతు 1వ అధ్యాయంలోను పెద్దలకు ఉండవలసిన లక్షణాలు చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాటిలో బోధించే సామర్థ్యం ఒక్కటే వరానికి సంబంధించినది, మిగిలినవన్నీ దాదాపు శీలానికి సంబంధించినవి. మనం మాత్రం స్వరం, వాగ్ధాటి, చదువు, జనాన్ని ఆకర్షించే శక్తి చూసి ఎంచుకొని, శీలం తరువాత ఎదుగుతుందిలే అనుకుంటాం. ఈ వరుసను తిప్పి పెట్టండి. ప్రసంగం నేర్పించడం కష్టం కాదు. ధనాపేక్ష, కోపం, అబద్ధం వంటివాటిని నడివయసులో మాన్పించడం చాలా కష్టం.

శీలం వేదిక మీద తెలియదు. వ్యక్తిని తనకు పేరు రాని పనిలో పెట్టి చూడాలి. అప్పు తీసుకుంటే చెప్పిన గడువుకు తీరుస్తాడా, తనను తప్పుపట్టినవారితో మరుసటి వారం ఎలా మాట్లాడతాడు, తనకన్నా చిన్నవారికి అవకాశమిస్తాడా, ఇంట్లోవారు అతని ఎదుట భయం లేకుండా మాట్లాడగలరా అన్నవి గమనించండి. అపొల్లో విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. అయినా డేరాలు కుట్టే ప్రిస్కిల్ల, అకుల తనను పక్కకు తీసుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించినప్పుడు స్వీకరించాడు. నాయకునిలో నేను మొదట వెతికేది ఆ స్వభావమే. సరిదిద్దబడటానికి ఒప్పుకోని ప్రతిభావంతుని కంటే, ఒప్పుకొనే సామాన్యుడు సంఘానికి ఎక్కువ క్షేమం. అలాగే, ఒకసారి విఫలమైనవారి పేరు శాశ్వతంగా కొట్టివేయకండి. మధ్యలో వెనుదిరిగిన మార్కును పౌలు వెంట తీసుకువెళ్లనన్నాడు, బర్నబా తీసుకువెళ్లాడు; చివరి రోజుల్లో అదే మార్కును, పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని, తన దగ్గరకు తీసుకురమ్మని పౌలే వ్రాశాడు.

ఎంచుకునే పద్ధతికి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మంచి నమూనా. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు అర్హతలు నిర్ణయించారు, సంఘం ఏడుగురిని ఏర్పరచుకుంది, అపొస్తలులు ప్రార్థించి వారిమీద చేతులుంచారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందని ఫిర్యాదు వచ్చిందో, దాదాపుగా ఆ పక్షంవారి చేతికే పంపిణీ అప్పగించారన్నమాట. మీ సంఘంలో భాషను బట్టి గాని వర్గాన్ని బట్టి గాని పక్కకు జరిగిపోయినవారుంటే, తర్వాతి నాయకత్వంలో వారికి చోటు ఉందో లేదో తప్పక చూడాలి. ఒక్కరే నిర్ణయించి ప్రకటించడం, లేదా అర్హతల ఊసు లేకుండా ఓట్లు లెక్కపెట్టడం, రెండూ ఈ నమూనాకు దూరమే.

కాపరి కుమారుని ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది సంఘాలను అధికంగా గాయపరుస్తున్న విషయం. సమూయేలు నిందారహితుడు. కాని ఆయన న్యాయాధిపతులుగా నియమించిన ఇద్దరు కుమారులు లంచాలు పుచ్చుకొని న్యాయాన్ని తిప్పివేశారు. ఏలీ కుమారుల సంగతి అంతకన్నా దుర్భరం. తండ్రి భక్తి కుమారునికి అర్హత కాదు. అయితే కుమారుడైనందువల్ల అనర్హుడూ కాడు. కుమారుడు నిజంగా పిలుపు పొందినవాడని అనిపిస్తే, అతడు కొన్నేళ్లు వేరొక సంఘంలో, తండ్రి మాట చెల్లని చోట, మరొక కాపరి కింద పనిచేసి రావాలి. అతని పేరు పరిశీలించే సమావేశంలో తండ్రి గాని తల్లి గాని కూర్చోకూడదు. ఇతడు ఇంకొకరి కుమారుడై ఉంటే మనం ఇతనినే ఎంచుకునేవారమా అన్న ప్రశ్నకు పెద్దలు ఒక్కొక్కరూ విడివిడిగా, రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆస్తి కాగితాలు కుటుంబం పేరున ఉన్న సంఘంలో ఈ ప్రశ్నను నిజాయితీగా అడగడం సాధ్యం కాదు కాబట్టి, ముందు ఆ కాగితాలు సరిచేయాలి.

పనితో పాటు అధికారాన్ని ఇవ్వడం

శిక్షణ వరుస అందరికీ తెలిసినదే. ముందు అతడు మీ వెంట ఉండి చూడాలి, తరువాత ఇద్దరూ కలిసి చేయాలి, ఆపైన మీరు చూస్తుండగా అతడు చేయాలి, చివరకు మీరు లేనప్పుడు చేయాలి. చాలామంది మూడో మెట్టు దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోతారు. ఇంకొక లోపం ఏమిటంటే, అప్పగించడానికి సులభమైనవాటినే అప్పగిస్తారు. యౌవనస్థుల కూటం, పాటల పరిచర్య, నెలకొక ఆదివారం ప్రసంగం ఇస్తారు. క్రమశిక్షణ విషయాలు, దాంపత్య కలహాలు, మరణశయ్య దగ్గర కూర్చోవడం, వార్షిక బడ్జెట్, బయటి సంస్థలతో ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం తమ దగ్గరే ఉంచుకుంటారు. కాపరిని కాపరిగా చేసేవి సరిగ్గా ఇవే. మొదటి సంవత్సరంలోనే వీటిలో రెండింటినైనా అప్పగించడం మొదలుపెట్టండి.

అధికారపు హద్దులు మాటల్లో ఉంటే అపార్థాలు వస్తాయి, కాబట్టి వ్రాసిపెట్టుకోండి. ఏ విషయాల్లో అతడు తానే నిర్ణయించవచ్చు, ఏవి నిర్ణయించి తరువాత పెద్దలకు తెలిపితే చాలు, ఏవి ముందుగా అడిగి చేయాలి అన్నవి ఒక పుట మించకుండా వ్రాసి, ఇద్దరూ పెద్దల ఎదుట సంతకం చేయండి. ఆరు నెలలకొకసారి ఆ పుటను తిరిగి చూసి, అడిగి చేయవలసిన జాబితాలో నుంచి కొన్నింటిని మొదటి జాబితాలోకి మార్చండి. ఆ మార్పు జరగడం లేదంటే శిక్షణ ఆగిపోయిందని గుర్తించి, కారణం ఎవరిలో ఉందో పెద్దలు ధైర్యంగా అడగాలి.

బిరుదు ఇచ్చి అధికారం ఇవ్వకపోతే ఏమవుతుందో శామ్యూల్ అజాయీ క్రౌథర్ జీవితం చెబుతుంది. యోరుబా జాతికి చెందిన ఆయన బాల్యంలో, 1821లో బానిసల వ్యాపారులకు చిక్కి, మరుసటి సంవత్సరం బ్రిటిష్ నౌకాదళం విడిపించగా సియెర్రా లియోన్‌లో పెరిగారు. 1843లో గురువుగా అభిషేకం పొందారు, 1864లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి ఆఫ్రికన్ బిషప్పు అయ్యారు. ఆయన నియామకం వెనుక ఉన్నవారు చర్చ్ మిషనరీ సొసైటీ కార్యదర్శి హెన్రీ వెన్ (1796–1873). సంఘం తన్ను తాను పోషించుకోవాలి, పాలించుకోవాలి, తానే సువార్తను వ్యాపింపజేయాలి అనే మూడు సూత్రాలను వెన్, అదే కాలంలో అమెరికాలో రూఫస్ ఆండర్సన్ ప్రచారం చేశారు. సంఘం నిలదొక్కుకున్న తరువాత మిషన్ అక్కడి నుంచి తొలగి కొత్త ప్రాంతాలకు కదలాలన్నది వెన్ ఆశయం. ఆయన మరణం తరువాత గాలి మారింది. క్రౌథర్ ఆఫ్రికన్ సహచరులతో నడుపుతున్న నైజర్ మిషన్‌కు యువ యూరోపియన్ మిషనరీలు వచ్చి, ఆయన సిబ్బందిలో పలువురిపై ఆరోపణలు చేసి వారిని తొలగించారు. తన పరిధిలోని పనివారి విషయంలోనే తన మాట చెల్లని స్థితిలో, 1890లో ఆ వృద్ధ బిషప్పు మిషన్ ఆర్థిక కమిటీ నుంచి వైదొలిగారు. 1891 డిసెంబరు 31న మరణించారు. ఆయన స్థానంలో యూరోపియన్ బిషప్పును నియమించారు. మరుసటి ఏడే నైజర్ నది డెల్టా ప్రాంతపు సంఘాలు ఆయన కుమారుడు ఆర్చిడీకన్ డాండసన్ క్రౌథర్ నాయకత్వంలో తమ్మును తామే పోషించుకునే పాస్టరేట్‌గా వేరయ్యాయి.

ఆయన పనివారిలో కొందరి విషయంలో నిజమైన లోపాలే ఉండవచ్చు. అవి ఏ సంఘంలో లేవు? వాటిని సరిదిద్దే అధికారం బిషప్పుకు ఉండాలి. ఎవరిని నియమించాలి, ఎవరిని తొలగించాలి, డబ్బు ఎక్కడికి పోవాలి అన్నవి వేరొకరు నిర్ణయిస్తుంటే ఆయనకు మిగిలింది పదవి పేరు మాత్రమే. ఇదే నేటికీ చిన్న స్థాయిలో జరుగుతోంది. కొత్త కాపరి పేరు బోర్డు మీద ఉంటుంది, చెక్కుబుక్కు పాత కాపరి బీరువాలో ఉంటుంది.

కొరియాలో సంగతులు వేరుగా నడిచాయి. చైనాలో ఏళ్ల తరబడి పనిచేసిన జాన్ నీవియస్ (1829–1893) 1890లో సియోల్‌కు వచ్చి, అక్కడి యువ ప్రెస్బిటేరియన్ మిషనరీలకు తన పద్ధతి వివరించారు. విశ్వాసులు తమ తమ వృత్తుల్లోనే ఉండి సాక్ష్యమివ్వాలి, సంఘం తాను భరించగలిగినంత మేరకే భవనాలు కట్టి పనివారిని పెట్టుకోవాలి, నాయకులకే కాక అందరికీ క్రమంగా బైబిలు తరగతులు జరగాలి అన్నవి అందులో ముఖ్యమైనవి. 1907లో కొరియా ప్రెస్బిటరీ (గురువులు, పెద్దల పాలక సభ) ఏర్పడి మొదటి ఏడుగురు కొరియన్ గురువులకు అభిషేకం చేసింది. వారిలో ఒకరైన యి గి-పుంగ్‌ను జేజు ద్వీపానికి మిషనరీగా పంపింది. తమ మొదటి గురువుల్లోనే ఒకరిని వదులుకొని పంపగలిగిన ఆ సంఘం, ఇవ్వడాన్ని మొదటి నుంచే నేర్చుకుంది. ఆ అలవాటు బయటి నుంచి జీతాలు అందుతున్న సంఘాలకు అంత సులభంగా రాదని నా గట్టి నమ్మకం.

కాబట్టి బయటి నిధులతో నడుస్తున్న సంఘాన్ని అప్పగించే మిషనరీ, నిధులు ఒక్కసారిగా ఆపకుండా, ఏటేటా ఎంత తగ్గుతుందో ముందే చెప్పి, కాపరి జీవనాధారాన్ని సంఘం కానుకల మీదికి మార్చాలి. జీతం బయటివారు ఇచ్చినంతకాలం కాపరి చూపు బయటివారి మీదే ఉంటుంది, సంఘానికి అతడు తమవాడనిపించదు.

డబ్బు, ఆస్తి, కాగితాలు

ఆత్మీయ విషయాలు మాట్లాడిన తరువాత ఇవి చిన్నవిగా అనిపించవచ్చు. సంఘాలు చీలిపోయేది ఎక్కువగా వీటి దగ్గరే. యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు ఆ సొమ్మును ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఎంపిక చేసినవారిని వెంటపెట్టుకొని, ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని జాగ్రత్తపడ్డాడు. సమూయేలు తన బాధ్యత ముగిస్తూ, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరికైనా అన్యాయం చేశానా, ఎవరి చేతి నుంచైనా లంచం పుచ్చుకున్నానా అని ప్రజలందరి ఎదుట అడిగి, లేదన్న సాక్ష్యం పొందాడు. పదవి విడిచే ప్రతి కాపరీ సంఘం ఎదుట ఇలాంటి లెక్క అప్పగించాలి. ఆ లెక్కను సంఘానికి సంబంధం లేని లెక్కల నిపుణుడు ముందుగా తనిఖీ చేసి ఉండాలి.

స్థలాలు, భవనాలు, వాహనాలు ఎవరి వ్యక్తిగత పేరు మీదా ఉండకూడదు. రిజిస్టరైన సంఘం లేదా ట్రస్టు పేరున ఉండాలి, దాని నిబంధనావళిలో కొత్త ధర్మకర్తలు ఎలా వస్తారో స్పష్టంగా ఉండాలి. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ ఈ విషయంలో మంచి ముందుచూపు చూపారు. మెథడిస్టు ప్రార్థనామందిరాలు ట్రస్టుల పేరున ఉన్నాయి, ఆ ట్రస్టు పత్రాలు బోధకుల వార్షిక సభ అయిన కాన్ఫరెన్సును ప్రస్తావించేవి. కాని వెస్లీ మరణం తరువాత కాన్ఫరెన్సు అంటే ఎవరు అన్నదానికి చట్టంలో జవాబు లేదు. ఆయన 1784లో నూరుమంది బోధకుల పేర్లతో ఒక దస్తావేజు నమోదు చేయించి ఆ జవాబు ఇచ్చారు. పేరు లేనివారు నొచ్చుకున్నారు. ఆ నూరుమందీ మిగిలినవారి మీద ఆధిక్యం చూపవద్దని కోరుతూ వెస్లీ ఒక ఉత్తరం వ్రాసిపెట్టగా, 1791లో ఆయన మరణించిన తరువాత కాన్ఫరెన్సులో దానిని చదివారు. చట్టపరమైన పత్రం, దానితో పాటు మనసులను కలిపే ఉత్తరం, రెండూ కావాలని ఆయన గ్రహించారు.

బ్యాంకు ఖాతాకు కనీసం ఇద్దరి సంతకాలు అవసరమయ్యేలా ఏర్పాటు చేయండి; ఆ ఇద్దరూ ఒకే కుటుంబంవారు కాకూడదు. అప్పులు, మీరు నోటిమాటగా చేసిన వాగ్దానాలు, సంఘం నెలనెలా ఆదుకుంటున్న విధవరాండ్రు, విద్యార్థులు, వ్యాజ్యాలు, భాగస్వామ్య సంస్థల వివరాలు అన్నీ వ్రాసి అప్పగించండి. నోటిమాట వాగ్దానాలను చాలామంది మరచిపోతారు, తరువాత కొత్త కాపరి మాట తప్పినవాడవుతాడు. ఒప్పుకోలు విషయాలు, ఆంతరంగికంగా చెప్పుకున్న పాపాలు మాత్రం ఈ జాబితాలో చేరవు. చెప్పుకున్నవారి అనుమతి లేకుండా అవి మీతోనే ఉండాలి. పిల్లలకు గాని బలహీనులకు గాని హాని జరిగే సందర్భం ఉంటే అది రహస్యంగా ఉంచదగిన విషయం కాదు.

అకస్మాత్తుగా మరణమో తీవ్రమైన జబ్బో సంభవిస్తే తెరవవలసిన ఒక కవరును ఇద్దరు పెద్దల దగ్గర ఉంచండి. తాత్కాలికంగా ఎవరు బాధ్యత వహించాలి, ఎంతకాలంలో కొత్త కాపరిని ఎంచుకోవాలి, ఎవరిని సలహా అడగాలి, కాగితాలు ఎక్కడున్నాయి అన్నవి అందులో ఉండాలి. ఏటా దానిని తిరగవ్రాయండి.

పాత కాపరి జీవనాధారం గురించి పెద్దలు సిగ్గుపడకుండా మాట్లాడాలి. ఇల్లు, వైద్యం, నెలసరి ఖర్చు గురించి భరోసా లేని వృద్ధుడు పదవిని పట్టుకొని వేలాడితే ఆ తప్పు పూర్తిగా ఆయనది కాదు. బాగుగా పాలించిన పెద్దలు రెట్టింపు సన్మానానికి పాత్రులని వాక్యం చెబుతోంది. ఆయన దిగిపోవడానికి చాలా ఏళ్ల ముందే సంఘం ఇందుకోసం ప్రత్యేకంగా సొమ్ము దాచడం మొదలుపెట్టాలి.

అప్పగింత దినం

సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో దేవుడు మోషేతో యెహోషువ మీద చేయి ఉంచమని, యాజకుడైన ఎలియాజరు ఎదుటా సర్వసమాజం ఎదుటా అతనిని నిలబెట్టి ఆజ్ఞ ఇమ్మని, తన అధికారంలో కొంత అతని మీద ఉంచమని చెప్పాడు. ప్రజలు తమ కళ్లతో చూడటం అక్కడ ముఖ్యం. మీరూ తేదీని ముందుగా ప్రకటించి, ఆ రోజున సంఘమంతటి ఎదుట మీ నోటితోనే చెప్పండి: ఈ దినం నుంచి వీరు మీ కాపరి, వీరి నిర్ణయాలకు నేను కూడా లోబడతాను అని. రిజిస్టర్లు, తాళాలు, ముద్ర అప్పుడే చేతికివ్వండి. మీ గతాన్ని పొగిడే ప్రసంగాలకు వేరొక రోజు పెట్టుకుంటే మంచిది.

ఆ తరువాత

పాత కాపరి కనీసం ఒక సంవత్సరం వేరొక చోట ఆరాధించాలని నా సలహా. ఇది కఠినంగా అనిపిస్తుంది. కాని ఆయన ముందు వరుసలో కూర్చున్నంతకాలం ప్రసంగం ముగియగానే సంఘం చూపు ఆయన ముఖం వైపు తిరుగుతుంది, కొత్త కాపరి ప్రతి మాటనూ ఆ ముఖం తూకం వేస్తుంది. ఎవరైనా ఫిర్యాదుతో ఇంటికి వస్తే, పూర్తిగా వినకముందే, ఈ మాట కాపరితో మాట్లాడారా అని అడిగి పంపించాలి. పెళ్లిళ్లకు, భూస్థాపనలకు, బాప్తిస్మాలకు కుటుంబం పిలిచినా, కొత్త కాపరి కూడా పిలిస్తేనే వెళ్లాలి. కమిటీలో గౌరవ సభ్యత్వం, శాశ్వత అధ్యక్ష పదవి వంటివి స్వీకరించకూడదు.

మిలేతులో ఎఫెసు పెద్దలను పిలిపించి పౌలు చెప్పిన వీడ్కోలు మాటలు ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తన తరువాత క్రూరమైన తోడేళ్లు వస్తాయని, వారిలోనుంచే వంకర మాటలు పలికేవారు లేస్తారని ఆయనకు తెలుసు. అది తెలిసి కూడా ఆగిపోలేదు, దేవునికీ ఆయన కృపావాక్యానికీ వారిని అప్పగించి ఓడ ఎక్కాడు. ప్రమాదం ఉందన్నది ఆగిపోవడానికి కారణమైతే ఏ కాపరీ ఎన్నటికీ అప్పగించలేడు.

కొత్త నాయకునికీ కొన్ని బాధ్యతలున్నాయి. మొదటి సంవత్సరం ఆరాధన క్రమాన్ని, పరిచర్యల పేర్లను, కూటాల సమయాలను మార్చే తొందర వద్దు. ప్రతి ఇల్లూ దర్శించి, ఈ సంఘంలో దేవుడు మీకు ఏమి చేశాడని అడిగి వినడానికే ఆ సమయం కేటాయించాలి. ముందున్నవారి లోపాలను వేదిక మీద ప్రస్తావించకూడదు. పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు అన్న మాట వచ్చింది నాయకుల పేర్లు పట్టుకొని విడిపోతున్న సంఘానికే.

విదేశీ మిషనరీ అప్పగించిన తరువాత అక్కడే ఉండదలిస్తే, స్థానిక నాయకత్వం కింద, వారు ఇచ్చిన పనిలో, మిత్రునిగా ఉండాలి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్య అడిగింది ఆ స్నేహాన్నే. మీరు బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు అర్పించారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆయన విన్నపం. రెండేళ్ల తరువాత, 1912లో, ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945లో మరణించే వరకు ఆ బాధ్యతలోనే కొనసాగారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొత్త కాపరి తప్పుదారి పట్టవచ్చు. అప్పుడు చర్య తీసుకోవలసినవారు సంఘ పెద్దలు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నేరారోపణ అంగీకరించకూడదు. సాక్ష్యం ఉంటే ముఖం చూసి వెనుదీయకూడదు. అభిప్రాయభేదాన్ని పాపంగా, పాపాన్ని అభిప్రాయభేదంగా చూడకుండా ఉండటానికి, సంఘానికి బయటి నుంచి నమ్మదగిన ఒకరిద్దరు కాపరులను విచారణలో కూర్చోబెట్టుకోవడం మంచిది. పాత కాపరి తనంతట తాను తిరిగి రాకూడదు. పెద్దలందరూ కలిసి రమ్మని కోరితే, ఎన్ని నెలలు, ఏ పనులకు, ఎవరి పర్యవేక్షణలో అన్నవి రాతపూర్వకంగా నిర్ణయించుకొని రావాలి. ఆ కాలంలో తన ప్రధానమైన పని తదుపరి కాపరిని సిద్ధం చేయడమేనని ఆ కాగితంలోనే వ్రాయించుకోవాలి.